తలుపు దాహం

లాకు తలుపు దూలానికి చెవి ఆనించగానే తలుపక్కకు గుండె జారింది.

సముద్రం వెనక్కి పోయేటప్పుడు ఆ తలుపు ఒకసారి మూలుగుతుంది. లోపలి రేవులోని నీళ్ల బరువంతా మీద పడుతుంటే రెండు రెక్కలూ ఒకదాన్నొకటి ఒత్తుకుని, మూట ఎత్తుకున్న మనిషి నడుం బిగించినట్టు చిన్న శబ్దం చేస్తాయి. ఆ తర్వాత ఏమీ వినిపించదు. ఏమీ వినిపించకపోతే ఇంటికి వెళ్లి పొయ్యి ముట్టించుకోవచ్చు. ఇవాళ మూలుగు వినిపించింది. దాని వెనకే, లోపలెక్కడో, సన్నగా, ఆగకుండా, పళ్ల సందుల్లోంచి గాలి ఊదినట్టు ఒక ఈల మొదలైంది.

ఆమెను రేవులో అందరూ తలుపక్క అనే పిలుస్తారు. తలుపాయన భార్య కాబట్టి ఆ పేరు వచ్చింది. పోయిన వానాకాలం తలుపాయన పోయాడు. పేరు మిగిలింది, పనీ మిగిలింది. సముద్రం పొంగి పోటు వచ్చినప్పుడు తలుపు తియ్యాలి. నీళ్లు వెనక్కి తీసే ఆటు మొదలయ్యేలోగా మూయాలి. తియ్యడం ఆలస్యమైతే పడవలవాళ్లు తిడతారు. మూయడం ఆలస్యమైతే తిట్టడానికి పడవలే ఉండవు. లోపలి రేవు అడుగంతా ఎప్పటివాళ్లో పరిచిన రాయి. బురదలో అయితే పడవ మెత్తగా కూర్చుంటుంది. రాతి మీద కూర్చున్న పడవకు సొంత బరువే శత్రువు, పక్కటెముకలు విరుగుతాయి.

ఆ పాత రేవును బాగుచేస్తామని ఒక ప్రాజెక్టు వచ్చింది. కూలిపోతున్న గట్టు గోడలు మళ్లీ కడుతున్నారు. పాత గోదాముల కప్పులు వేస్తున్నారు. అదంతా బాగానే ఉంది. పేచీ అంతా తలుపు దగ్గరే వచ్చింది. ఇంత పాత చెక్క తలుపు నీళ్లను ఆపలేదని ప్రాజెక్టు చైర్మన్‌గారి అనుమానం. అక్కడ కాంక్రీటు గోడ కట్టేసి, లోపలి రేవును వచ్చినవాళ్లు చుట్టూ తిరిగి చూసే చెరువుగా ఉంచి, పడవల్ని కొండమలుపు అవతలి కొత్త జెట్టీకి పంపాలని ఆయన ఆలోచన. పడవలు పోతే వలలు కుట్టేవాళ్లు పోతారు, ఐసు కొట్టేవాళ్లు పోతారు, టీకొట్టు పోతుంది. గోడలు మిగులుతాయి, వాటికి మంచి రంగులు కూడా మిగులుతాయి.

ప్రాజెక్టులోనే పనిచేసే ఇంజనీరమ్మ ఒక్కతే ఆ ఆలోచనకు అడ్డుపడింది. వాదించి వాదించి చివరికి ఒక పరీక్షకు ఒప్పించింది. ఋతువులోకెల్లా పెద్ద ఆటు రోజున, పడవలు రోజూ ఉండే చోట్లలోనే, రోజూ మోసే బరువుతోనే ఉండాలి. ఆటు ముగిసేసరికి అన్నీ తేలుతూ ఉంటే తలుపు ఉంటుంది, పడవలుంటాయి. ఒక్క పడవ నేల తాకినా గోడ కడతారు.

ఆ పెద్ద ఆటు ఇవాళే. చైర్మన్‌గారు పొద్దున్నే వచ్చి గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తలుపేమో ఈల వేస్తోంది.

"ఏంటి వదినా, తలుపుకి జ్వరమా? చెవి పెట్టి చూస్తున్నావ్?"

వచ్చినవాడు ఆమె మరిది. పడవ చెక్కల సందుల్లో నార కూరి నీళ్లు కారకుండా చెయ్యడం అతని పని. రేవులో తేలే ప్రతి పడవ మీదా అతని చెయ్యి పడింది.

"నువ్వే విను," అంది.

అతను నవ్వుతూనే చెవి ఆనించాడు. నవ్వు మొహం మీదే ఉండిపోయింది కానీ అందులో ఏమీ లేదు.

ఇద్దరూ బయటివైపు మెట్లు దిగారు. సముద్రం అప్పటికే దూరం జరిగింది. తడి బురద బయటపడుతోంది. కిందినుంచి చూస్తే కొత్త నల్లరంగుతో తలుపు పెళ్లికొడుకులా మెరుస్తోంది. ఆ మెరుపు మధ్యలోంచి, రెండు రెక్కలూ కలిసే చోటా, కింది గడప దగ్గరా, చెక్కకీ చెక్కకీ మధ్యా నీళ్లు సన్నటి పుల్లల్లా బయటికి చిమ్ముతున్నాయి.

"నార కూరాను కదా," అన్నాడు మరిది. "కంటికి కనిపించిన ప్రతి సందులోనూ కూరాను."

"కంటికి కనిపించిన వాటిలో కూరావు. ఇవి నీటికి కనిపించినవి."

"చెక్క ఎండిపోయింది వదినా."

"ఒడ్డున ఉంచిన పడవ కారుతుందని నీకు తెలీదా?"

"పడవ చెక్క వేలెడు మందం. ఇది జానెడు. జానెడు చెక్కని ఎండ ఏం చేస్తుందనుకున్నా."

ఆమె చిమ్ముతున్న నీటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. తనూ అదే అనుకుంది.

జరిగింది ఇది. పోయిన నెల వచ్చినప్పుడు ఇంజనీరమ్మ మరీ మరీ చెప్పి వెళ్లింది, "పరీక్ష కోసం మీరేమీ చెయ్యకండి, ఉన్నది ఉన్నట్టే ఉంచండి" అని. తిరకాసంతా అక్కడే ఉంది. ఆ రేవులో ఇంటికి వచ్చే ప్రతి మనిషీ ఆ మాటే అంటాడు. నాకోసం ఏమీ చెయ్యకండి అంటాడు. అన్నాడు కదా అని ఊరుకుంటే, ఆ ఇంట్లో మంచినీళ్లకి కూడా దిక్కులేదని ఏడాదిపాటు చెప్పుకుంటాడు. కాబట్టి ఇంజనీరమ్మ ఏమీ వద్దనేసరికి, ఎంత మర్యాదస్తురాలో అనుకున్నారు. అంత మర్యాదగా అడిగిన మనిషికి ఏదో ఒకటి చెయ్యకపోతే ఎలా?

గట్టు పనికి వచ్చిన క్రేను పక్కనే ఉంది. టీకొట్టు నడిపే రేడియో పిన్ని క్రేను డ్రైవరుతో మాట కలిపింది. ఆమెకి ఆ పేరు ఊరికే రాలేదు. ఆ మాటల్లో పడి ఆ డ్రైవరు కొండనైనా ఎత్తేవాడు. చిన్న పోట్ల రోజులు చూసి, పడవల్ని బయటికి పంపి, తలుపు రెండు రెక్కల్నీ పైకెత్తి గట్టు మీద పడుకోబెట్టారు. తలా ఒక గీకుడు ముక్క పట్టుకుని గుల్లలూ పాచీ గీకేశారు. కడిగారు. ఎండబెట్టారు. ఎండ బాగా కాసింది, రంగు బాగా పట్టింది అని సంబరపడ్డారు. పై దూలం మీద తలుపాయన చేతులు ఆని ఆని గుంటపడిన చోటు ఒకటి ఉంది. రంగు వేసేటప్పుడు మరిది కుంచె ఆపి, "ఇది కూడా వెయ్యమంటావా వదినా?" అని అడిగాడు. అంతా వేసి అదొక్కటీ వదిలేస్తే బాగుండదంది ఆమె. తర్వాత ఇంటికి వెళ్లి, తోమిన గిన్నెలే మళ్లీ తోమింది.

ఇప్పుడు బురదలో నిలబడి చూస్తే, గీకేసిన ఆ పాచీ ఆ గుల్లలే ఇన్నాళ్లూ సందుల్ని కాపాడాయేమో అనిపించింది. నానిన చెక్క ఉబ్బి ఒకదాన్నొకటి పట్టుకునేది. ఇప్పుడు దాన్ని ఎండగట్టి, అందంగా తయారుచేసి, పరీక్షకు నిలబెట్టారు.

మరిది గొంతు తగ్గించాడు. "తూము తీద్దాం."

లోపలి రేవుకు వెనకవైపు, గోదాముల సందులో, ఒక వాగు నీళ్లు వచ్చే తూము ఉంది. పూడిక కడగడానికి అప్పుడప్పుడు తీస్తారు. దాన్ని తిప్పే ఇనప పిడి తలుపక్క ఇంట్లో ఉంటుంది.

"వానలు పడ్డాయి, వాగు నిండుగా ఉంది. కాస్త ఎత్తితే చాలు. ఇటు కారినంతా అటు నిండుతుంది. నీటిమట్టం కదలదు. అటువైపు ఎవరూ పోరు."

ఆమె కాదనలేదు. మెట్లెక్కి ఇంటివైపు నడిచింది. మరిది వెనకే వచ్చాడు.

తలుపు పక్కనే ఒంటిగది ఇల్లు. కిటికీలోంచి చూస్తే లోపలి రేవు, దారంలో గుచ్చినట్టు వరసగా పడవలు. ఇంటి తలుపు వెనక మేకుకి ఇనప పిడి వేలాడుతోంది. మోచేతి పొడవుంటుంది, ఒక కొన నలుచదరంగా ఉంటుంది. ఆమె దాన్ని తీసింది. చల్లగా ఉంది.

"ఇలా ఇవ్వు," అన్నాడు మరిది గడప బయటినుంచి. "నేను పోయొస్తా. నువ్వు చెయ్యలేదు, నీకు తెలీదు."

"ఎండాకాలంలో?"

"ఎండాకాలం సంగతి ఎండాకాలంలో చూద్దాం."

"అప్పుడు వాగులో నీళ్లుండవు. తలుపు ఇలాగే కారితే, లోపల పడవల్లో పడుకున్నవాళ్లు పడుకున్నట్టే రాతి మీద పడతారు."

"అప్పటికి చెక్క ఉబ్బదా? నానితే ఉబ్బుతుంది. నాకు తెలుసు, నీకూ తెలుసు. తలుపు మంచిదే కదా వదినా, మనమే కదా పాడుచేసింది! ఇది మోసం కాదు, కాస్త ఆసరా. జ్వరం వచ్చిన మనిషిని చెయ్యి పట్టుకుని నడిపించమా?"

ఆ మాటలో తప్పు ఎక్కడుందో ఆమెకు కనిపించలేదు. అదే ఆమెను భయపెట్టింది. తప్పు కనిపిస్తే తప్పుకోవచ్చు.

"అన్నయ్య ఉంటే నన్ను ఈపాటికే పంపేవాడు," అన్నాడు అతను.

"మీ అన్నయ్య ఉంటే అసలు తలుపుని ఎత్తనిచ్చేవాడు కాదు."

బయట రేడియో పిన్ని ఎవరితోనో, "చైర్మన్‌గారు టీ ముట్టుకోలేదమ్మా, ఈగ మాత్రం రెండుసార్లు తాగింది," అంటోంది.

ఆమె పిడి పట్టుకుని బయటికి వచ్చింది. మరిది చెయ్యి చాచాడు. ఆమె అతన్ని దాటి, తూమువైపు కాకుండా గట్టువైపు నడిచింది. నాలుగు అడుగులు వేశాక కానీ తనెటు వెళ్తోందో ఆమెకే తెలియలేదు.

ఇంజనీరమ్మ గట్టు అంచున వంగి రాతిగోడను చూస్తోంది. నీటికి పైన గోడ మీద తడి పట్టీ ఒకటి తేలింది. నీళ్లు దిగిపోయినంత మేరా తడి.

"అక్కా, తలుపు ఎప్పుడు బయటికి తీశారు?" అంది తల తిప్పకుండానే.

తలుపక్కకు చెప్పాల్సిన పని తప్పింది. "పరీక్షకి బాగుండాలని తీశాం."

"ఏమీ చెయ్యకండి అన్నాను కదా!"

"అన్నారు. మర్యాదకి అన్నారనుకున్నాం."

ఇంజనీరమ్మ కళ్లు మూసుకుంది. "నేను మర్యాదకి ఏదీ అనను అక్కా. మా ఇంట్లోనూ ఇదే గొడవ."

తలుపక్క ఇనప పిడిని ఆమె చేతుల్లో పెట్టింది. "ఇది తూము పిడి. మీ దగ్గరుంచండి."

"నా దగ్గరెందుకు?"

"నా చేతిలో ఉంటే నా చేతిని నేను నమ్మలేను."

ఇంజనీరమ్మ వెనకనున్న గోదాముల వైపు ఒకసారి చూసింది, దూరంగా నిలబడ్డ మరిది వైపు ఒకసారి చూసింది. పిడిని సంచిలో వేసుకుంది. బరువుకి భుజం ఒక పక్కకి ఒంగింది.

"రంపపు పొట్టు దొరుకుతుందా?" అంది.

"పడవల షెడ్డులో కుప్ప ఉంది."

"లోపలివైపునుంచి సందుల దగ్గర వదలాలి. కారే నీళ్లే దాన్ని సందుల్లోకి ఈడ్చుకుపోతాయి, అక్కడ ఇరుక్కుంటుంది. పరీక్షలో తలుపు బాగుచేసుకోకూడదని ఎవరూ అనలేదు. కానీ దాచి చెయ్యొద్దు. ఆయనకి చెప్పి చేద్దాం."

చైర్మన్‌గారు సన్నగా, పొడిగా, ఎండు కొమ్మలా ఉంటారు. ఇంజనీరమ్మ చెప్పిందంతా విని, "చెయ్యండి. నేను పడవల్ని చూడ్డానికి వచ్చాను," అన్నారు. ఆ గొంతులో కోపమూ లేదు, దయా లేదు.

మరిదికి మాత్రం కోపం వచ్చింది. "నేను నార కూరిన తలుపుకి నలుగురి ముందూ పొట్టు పోస్తావా వదినా? రేపు నాకు పడవ ఎవరిస్తారు? నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నా మొహం పక్కన పెట్టుకో. చోటుంది. పొట్టు బస్తా అందుకో."

అతను బస్తా అందుకున్నాడు. అందుకోవడమంటే ఆమె మీదికి విసిరినంత పని చేశాడు.

చిన్న తెడ్డుపడవలో తలుపు దగ్గరికి చేరారు. పొడుగాటి గెడకి డబ్బా కట్టి, తడిపిన పొట్టు నింపి, మూతి కిందికి పెట్టి సందు పక్కన దించాలి. సరైన లోతులో కుదిపితే పొట్టు జారుతుంది. మొదటిసారి దించినప్పుడు పొట్టంతా పైకి తేలి వాళ్ల చుట్టూ పరుచుకుంది. గట్టు మీద ఎవరో నవ్వారు. రెండోసారీ అంతే. పొట్టు పొడిగా ఉందని ఇంజనీరమ్మ పైనుంచి అరిచింది. తలుపక్క చేతులు మోచేతుల దాకా ముంచి పొట్టులో బంకమట్టి కలిపి పిసికింది. మరిది గెడ పట్టుకున్నాడు. అతని చేతులు కోపం సంగతి మరిచిపోయాయి. ఎంత లోతులో ఆపాలో, ఎప్పుడు కుదపాలో వాటికి తెలుసు.

ఈసారి పొట్టు తేలలేదు. నీళ్లలో ఒక మట్టిరంగు తోక కనిపించి, సందువైపు సాగి, మాయమైంది.

"పీల్చుకుంది!" అన్నాడు మరిది.

ఒకచోట ఈల ఆగింది. పక్కనే ఇంకోచోట పెద్దదైంది. ఒక నోరు మూస్తే ఇంకో నోరు తెరిచినట్టుంది. వాళ్లు గెడ జరుపుతూ పోయారు. బస్తా అయిపోయింది. ఇంకోటి వచ్చింది. ఈలోగా గోడ మీది తడి పట్టీ వెడల్పవుతూనే ఉంది. గట్టుకి కట్టిన తాళ్లు పడవలతోపాటు కిందికి సాగి, బిగుసుకుని కిర్రుమంటున్నాయి. రేడియో పిన్ని వ్యాఖ్యానం కూడా తగ్గిపోయింది.

అందరూ చూస్తున్నది ఒక్క పడవనే. దాని పేరు గున్న. రేవులోకెల్లా లావుపాటి పడవ, ఉప్పు మోస్తుంది. దాని చోటు చివర, నీళ్లు పల్చగా ఉండేచోట. చోటు మార్చకూడదని పరీక్షలోనే ఉంది. దాని యజమాని గున్న తాత చుక్కాని పక్కన కూర్చుని, అందరూ తననే చూస్తున్నారని తెలిసినా, ఎవరినీ చూడకుండా తాడు కొస ఒకటి విప్పుతూ అల్లుతూ ఉన్నాడు.

"తాతా, ఎలా ఉంది?" అని ఎవరో కేకేశారు.

"నాకేం, బాగానే ఉన్నా. పడవనడుగు."

ఈల సన్నబడింది. ఇంకా సన్నబడింది. తలుపక్క గెడ వదిలేసి చెక్కకు చెవి ఆనించింది. చిన్న చెమ్మ చప్పుడు, అంతే. ఆమెకు ఏడుపు వచ్చినంత పనయింది. కానీ పోయిన నీళ్లు పోయినట్టే. పొట్టు కారడాన్ని ఆపుతుంది, దిగిపోయిన నీటిని వెనక్కి తేలేదు.

బయట సముద్రం కదలడం మానేసింది. బురద మీద వెలుతురు కూడా కదలడం లేదు. ఆటు ముగిసింది.

పడవ తేలుతోందో నేల తాకిందో చూడ్డానికి ఆ రేవులో ఒక పద్ధతి ఉంది. పడవకి అటొకరూ ఇటొకరూ నిలబడి, అడుగునుంచి ఒక తాడు వేసి, ముందునుంచి చుక్కాని దాకా నడిపిస్తారు. తాడు ఎక్కడా ఆగకుండా వస్తే తేలుతున్నట్టు. మిగతా పడవల కింద తాడు వెన్నలో దారంలా వచ్చేసింది. గున్న మిగిలింది. గట్టువైపు కొస ఇంజనీరమ్మ పట్టుకుంది. నీటివైపు కొస, తెడ్డుపడవలోంచి, మరిది పట్టుకున్నాడు. తలుపక్క తెడ్డు వేస్తోంది.

తాడు ముందు భాగం దాటింది. నడుము దాటింది. ఉప్పు బస్తాల కిందికి వచ్చింది. అక్కడ కాస్త నెమ్మదించి, మళ్లీ కదిలింది. గట్టు మీద జనం తాడుతోపాటు అడుగులు వేస్తున్నారు. చైర్మన్‌గారు కుర్చీలోంచి లేచారు. చుక్కాని ఇంకెంతో దూరం లేదు.

తాడు ఆగింది.

మరిది మెల్లగా లాగాడు. రాలేదు. కొంచెం వదిలి మళ్లీ లాగాడు. రాలేదు. ఒక్క గుంజు గుంజితే వచ్చేస్తుంది. పట్టు అంత గట్టిదేమీ కాదు, రాతికీ చెక్కకీ మధ్య ఒరిపిడి మాత్రమే. అవతల ఇంజనీరమ్మకి ఆ తేడా తెలియదు. గట్టు మీదున్న వాళ్లకి అసలే తెలియదు. అది అతనికి తెలుసు, తెడ్డు పట్టుకున్న తలుపక్కకి తెలుసు, తల వంచుకుని కూర్చున్న గున్న తాతకి తెలుసు. అతను తాడుని చేతికి ఒక మెలిక వేసుకున్నాడు. భుజం బిగించాడు. ఆమె అతన్ని చూడకుండా తెడ్డును చూసింది. చూస్తే తన కళ్లు ఏమని అడుగుతాయో ఆమెకు తెలియదు.

మెలిక విప్పాడు. పడవ పక్కకి అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచాడు.

"తగిలింది," అన్నాడు.

గట్టిగా అనలేదు. అయినా అందరికీ వినిపించింది.

"తగిలిందా?" అన్నారు చైర్మన్‌గారు, ఇంజనీరమ్మ వైపు తిరిగి.

ఇంజనీరమ్మ తాడు కొస వదలకుండా, "తగిలింది సార్," అంది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే నేను చూసింది నేను రాయాలి. అన్నీ తేలాయి, ఒకటి తేలలేదు."

తలుపక్క తెడ్డుపడవ దిగి గట్టెక్కింది. చేతులకు మట్టి, పొట్టు. ఎక్కడ తుడుచుకోవాలో తెలియక అలాగే చాచి పట్టుకుని నిలబడింది.

"రాయండి సార్. ఎందుకు తేలలేదో కూడా రాయండి."

"తలుపు కారింది కాబట్టి తేలలేదు."

"తలుపెందుకు కారిందో కూడా రాయండి. మీరొస్తున్నారని దాన్ని బయటికి తీశాం. గీకాం, కడిగాం, ఎండలో ఆరబెట్టాం. నీళ్లలోనే బతికే చెక్కని, మీరు చూసి మెచ్చుకోవాలని ఎండగట్టాం."

"తలుపక్కా, ఊరి పరువమ్మా!" అంది రేడియో పిన్ని వెనకనుంచి.

"పరువుకే కదా పిన్నీ రంగేసింది." మళ్లీ ఆయనవైపు తిరిగింది. "మేం ఏమీ చెయ్యకుండా ఉండుంటే అది నిలబడేది. ఇన్నాళ్లూ నిలబడింది. తప్పు మాది, తలుపుది కాదు."

చైర్మన్‌గారు నల్లగా మెరుస్తున్న తలుపును చాలాసేపు చూశారు. "కొత్తదాన్లా ఉంటే, ఇది పాతది కాదేమోనని పొద్దుటినుంచీ అనుమానపడుతున్నాను," అన్నారు. "మళ్లీ నాని ఉబ్బడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

తలుపక్క ఇంజనీరమ్మను చూసింది. ఇంజనీరమ్మ తల అడ్డంగా ఊపింది. "కచ్చితంగా చెప్పలేను సార్. ఉబ్బుతుందని మాత్రం చెప్పగలను. ఎండినప్పుడు చీలికలు పడి ఉంటే పూర్తిగా ఉబ్బకపోవచ్చు కూడా."

ఆ చివరి మాట ఆమె చెప్పకపోయినా బాగుండేది అనిపించింది చాలామందికి. మర్యాదకి ఏదీ అనని మనిషి కదా.

ఆయన కుర్చీ మడిచారు. "గోడ పని ఎలాగూ రేపే మొదలవదు. ఈలోపు ఇంకోసారి వస్తాను. ఏ ఆటుకి వస్తానో చెప్పను. చెప్తే మీరు సముద్రాన్ని కూడా ఉతికి ఆరేస్తారు."

ఒకరిద్దరు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"అప్పుడూ తగిలితే మాత్రం మూడోసారి లేదు."

అలా అనేసి వెళ్లిపోయారు. అంటే ఇక ప్రతి ఆటూ పరీక్షే. ఏ పొద్దున ఆ మనిషి గట్టు మీద కనిపిస్తాడో తెలియదు. జనం గుంపులుగా విడిపోయి, గీకమన్నది నువ్వంటే నువ్వని మొదలుపెట్టారు. ఇంజనీరమ్మ సంచిలోంచి ఇనప పిడి తీసి, ఇవ్వబోయి, మళ్లీ లోపలే పెట్టుకుంది. "ఆయన వచ్చి వెళ్లేదాకా నా దగ్గరే ఉంచనా?" అంది. తలుపక్క తలూపింది.

మధ్యాహ్నానికి పోటు తిరిగింది. గున్న మెల్లగా లేచింది. లేచీ లేవగానే గున్న తాత పలకలు ఎత్తి అడుగున చెయ్యి పెట్టి చూశాడు. చెయ్యి తడిగా వచ్చింది. పొద్దుటినుంచి తల ఎత్తని మనిషి, లేచి నిలబడి, "తలుపక్కా, లోపలా బయటా నీళ్లు సమానం కాగానే తలుపు తియ్యి. నేను పోతున్నా," అన్నాడు.

"ఎక్కడికి తాతా?"

"కొత్త జెట్టీకి. పక్కటెముక చిట్లింది దీనికి. నాతోపాటు ముసలిదైంది, ఇంకోసారి రాతి మీద కూర్చోబెట్టలేను."

"నేను బాగుచేస్తా తాతా, ఇక్కడే," అన్నాడు మరిది.

"చేద్దువులే. అక్కడికొచ్చి చెయ్యి."

ఆ మాట విని మిగతా పడవలవాళ్లు తమ తాళ్లవైపు చూసుకున్నారు. ఒక పడవ వెళ్లినచోట రెండోది వెళ్లడం తేలిక. పరీక్షలో ఓడిపోకుండానే రేవు ఖాళీ అయ్యే దారి ఒకటుందని తలుపక్కకి అప్పుడు తట్టింది. తలుపు తియ్యనని అనొచ్చు. గడియ పట్టేసిందని, పొట్టు ఊడిపోతుందని, రేపు చూద్దామని ఏదో ఒకటి చెప్పొచ్చు. ఆ మాటలన్నీ నోటిదాకా వచ్చాయి.

నీళ్లు సమానమయ్యాయి. ఆమె దూలానికి వీపు ఆనించి కాళ్లు తన్నిపెట్టింది. అవతలి రెక్కని అప్పుడే తోసేసి వచ్చిన మరిది, ఆమె పక్కన వీపు ఆనించాడు. తలుపు కదిలింది.

"తూము తీసుంటే ఇంత గొడవే లేదు," అన్నాడు, తోస్తూ.

"నువ్వు గుంజేసినా ఉండేది కాదు."

ఇంకో నాలుగడుగులు తోశారు.

"ఎందుకు గుంజలేదు?"

"గుంజితే నేను కూరిన నార ఊడొస్తుంది," అన్నాడు, మొహం అటు తిప్పుకుని. "చక్కగా కూరాను దానికి."

గున్న రెండు రెక్కల మధ్యకి వచ్చింది. ఎప్పుడూ ఒరుసుకుంటూ వెళ్లే పడవ, ఇవాళ ఎటూ తగలకుండా నిదానంగా వెళ్తోంది. తాత చుక్కాని పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. వెనక లోపలి రేవులో అతని చోటు ఖాళీగా, అప్పుడే పన్ను ఊడిన చిగురులా కనిపిస్తోంది.

"తాతా," అంది తలుపక్క. "పెద్ద పోటుకైనా వస్తావా?"

తాత తలుపు పక్కనుంచి వెళ్తూ చెయ్యి చాచి నల్లటి చెక్కని ఒకసారి తట్టాడు, పశువు వీపు తట్టినట్టు.

"దీని కడుపు నిండాక కబురు పెట్టు," అన్నాడు. "చూసి వస్తా."

"పెడతాను."

గున్న బయటి నీళ్లలోకి దిగి కొండమలుపు వైపు తిరిగింది. తలుపక్క దూలాన్ని వదలకుండా వెనక్కి, రేవులోకి చూసింది. పడవలవాళ్లంతా తాళ్ల దగ్గరే నిలబడి ఉన్నారు. ఎవరూ విప్పలేదు. అలాగని ఎవరూ ఆ తాళ్ల మీదినుంచి చెయ్యి తియ్యలేదు.